ఎన్ని మెట్లు బయటున్నాయి? ఒక ఊరి చెరువు, ఒక ఎనిమిదో తరగతి

స్లిప్ టెస్టులో ఒక ప్రశ్న ఇచ్చాను: "మీ ఊరి చెరువులో ఉండే ఒక ఆహారపు గొలుసు రాయండి." అప్పుడు వాళ్లది ఏడో తరగతి, ముప్పై ఒక్క మంది. ఇంచుమించు అందరి కాగితాల్లోనూ ఒకటే జవాబు. నాచు, చిన్న చేప, పెద్ద చేప, గద్ద. గైడులో ఉన్నది ఉన్నట్టు దింపారు. కిటికీలోంచి తల తిప్పితే చెరువు కట్ట కనిపించే గది అది. ఆ చిన్న చేప పేరేంటి, పెద్ద చేప ఏది అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. వెనక బెంచీ పిల్లాడొకడు కాగితం తెల్లగానే ఇచ్చాడు. వాళ్ల నాన్న అదే చెరువులో వల వేస్తాడని నాకు అప్పటికి తెలియదు.

నాకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి. జనగామ వైపు ఒక పల్లెలో జిల్లా పరిషత్ హైస్కూలు మాది. నేను జీవశాస్త్రం చెబుతాను. హనుమకొండ నుంచి పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం బస్సులో వచ్చేదాన్ని. నాలుగేళ్లు ఆ ఊళ్లో పనిచేసినా ఒక్కసారీ కట్ట ఎక్కలేదు. పిల్లలకు పరిసరాలంటే ప్రేమ లేదని స్టాఫ్ రూములో గట్టిగా మాట్లాడిన వాళ్లలో నేనూ ఒకదాన్ని.

అలాగని ఏమీ చేయలేదా అంటే, చేశాం. వానాకాలంలో మొక్కలు నాటించాం. ఫొటోలు దిగాం. పర్యావరణ దినోత్సవం పేరిట ర్యాలీ తీశాం, ప్రతిజ్ఞ చేయించాం. మాకు వచ్చిన మొక్కల్లో సగం కోనోకార్పస్. ఊళ్లో ఏ ముసలమ్మను అడిగినా ఆ చెట్టు గురించి చెప్పడానికి ఒక్క ముక్క లేదు. ఎండాకాలం సెలవులు అయిపోయేసరికి మిగిలినవి నాలుగు మొక్కలు, అవి కూడా బోరు పక్కన ఉన్నవే. ప్రాజెక్టు పని ఇస్తే జనగామలో నెట్ సెంటరుకు పోయి రంగు బొమ్మలు ప్రింటు తీయించుకొచ్చేవాళ్లు. నేనూ ఐదుకు ఐదు వేసేసేదాన్ని.

పర్యావరణం పాఠంగా ఉండాలని సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో 1991లోనే చెప్పింది. 2001లో బడుల్లో పర్యావరణ క్లబ్బుల కోసం నేషనల్ గ్రీన్ కోర్ వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజులు సంచి లేకుండా బడి అన్నారు. ఆదేశాలకు ఎప్పుడూ కరువు లేదు. మా పిల్లలు మాత్రం ఎడారి ఆవరణ వ్యవస్థ బొమ్మ చక్కగా గీస్తారు, మడ అడవుల చెట్లకు గాలి వేళ్లు ఎందుకుంటాయో చెబుతారు. చెరువు తూము ఎక్కడుందో అడిగితే మాత్రం ఆలోచిస్తారు.

ఆ స్లిప్ టెస్టు తర్వాతి ఏడాది, వాళ్లు ఎనిమిదో తరగతికి వచ్చాక చేసిన పని గురించే ఇది రాస్తున్నాను. ప్రేమ సంగతి పక్కన పెట్టి, పిల్లలకు చెరువు మీద ఒక చిన్న పని అప్పజెప్పాను. కొంత బాగా నడిచింది. కొన్నిచోట్ల నేను తప్పు చేశాను. ఒకచోట వెనక్కి తగ్గాను.

ముందు చెరువు గురించి నాలుగు మాటలు. మా ప్రాంతమంతా కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువులే. పాఖాల, రామప్ప, లక్నవరం లాంటి పేరున్న చెరువు కాదు మాది. పై ఊరి చెరువు మత్తడి దుంకితే, అంటే నిండి అలుగు మీంచి పొర్లితే, ఆ నీళ్లు మాకొస్తాయి, మాది దుంకితే కింది ఊరికి పోతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కలోకి వచ్చాయి. మా చెరువు పూడిక తీసింది కూడా ఆ రోజుల్లోనే. ఆ మట్టిని రైతులు ట్రాక్టర్లతో చెలకల్లో పోసుకున్నారు. కట్ట మీద మైసమ్మ గుడి, దాని పక్కన బతుకమ్మ ఘాటు. ఘాటుకు పంతొమ్మిది మెట్లు.

పనంతా ఆ మెట్ల మీదే మొదలైంది. నీటి మట్టం కొలవడానికి కర్ర పాతాలా, తూము రాయి మీద గీతలు గీయాలా అని నేను కాగితాల మీద ఏవేవో గీసుకుంటుంటే, చెరువు నీళ్ల సంగతి చూసుకునే నీరటి తాత నవ్వాడు. "గంత ఎందుకు మేడం, ఎన్ని మెట్లు బైట కనబడుతున్నయో లెక్కవెట్టుండ్రి" అన్నాడు. అంతకంటే మంచి కొలబద్ద నాకు ఇప్పటికీ దొరకలేదు. నీళ్లు తాకక్కర్లేదు, కిందికి దిగక్కర్లేదు, ఆరో తరగతి పిల్ల కూడా తప్పు చేయదు.

ప్రతి శుక్రవారం చివరి పీరియడు, ఆరుగురు పిల్లలు, ఒక లాంగ్ నోటుబుక్కు. అందులో నాలుగు గడులు. తేదీ పక్కన కార్తె. బయట కనిపించే మెట్లు. ఈ వారం చూసినది ఒకటి, ఒక్కటే. చివరిది, దాని పేరు మీకు ఎవరు చెప్పారు. ఆ చివరి గడి తోచక పెట్టింది. నాకు పేర్లు తెలియవు కాబట్టి, తెలిసినవాళ్లెవరో రాసుకుంటే మళ్లీ పోయి అడగొచ్చని. ఏడాది తిరిగేసరికి నోటుబుక్కులో అసలు పని చేసింది ఆ గడే.

అనుమతుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పని చేద్దామనుకునే టీచర్లు ఆగిపోయేది ఇక్కడే. ఎండాకాలం వస్తే చెరువులో పడి పిల్లలు పోయిన వార్త లేని పేపరు ఉండదు. హెడ్మాస్టరు భయపడ్డారంటే ఆయన తప్పు లేదు. తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నాం. పై నుంచి మూడో మెట్టు దగ్గర ఎర్ర రంగు గీత వేశాం, అది దాటకూడదు. నాతోపాటు నీరటి తాత తప్పనిసరిగా ఉండాలి. మత్తడి దుంకుతున్న రోజుల్లో ఆ వైపు పోవద్దు. ఈ నాలుగూ గోడ మీద రాయించాక ఆయన ఇంకేం అడ్డు చెప్పలేదు.

బడులు జూన్ 12న తెరుస్తారు కాబట్టి మొదటి రాత మృగశిర కార్తెలో పడింది. మెట్లు పదిహేడు బయట. ఆ రెండు వారాలు పిల్లలు రాసినవి చూస్తే నాకే నిద్ర వచ్చింది. "చెట్టు", "కొంగ", "నీళ్లు". మూడో వారం ఒక గట్టి వాన పడింది. కట్ట కింద ఎర్రమట్టి మీద ఎర్రెర్రని మఖమల్ చుక్కలు పాకుతున్నాయి. ఆరుద్ర పురుగులు! పిల్లలు ఒక్కసారిగా కిందికి వంగిపోయారు. ఒకమ్మాయి అరచేతిలో పెట్టుకుంది. కాళ్లు ముడుచుకుని చిన్న ఎర్రముత్యంలా ఉండిపోయింది, కాసేపటికి మెల్లగా కాళ్లు చాపింది. లెక్కపెట్టమన్నాను. ఎనిమిది. "మేడం, పురుగుకు ఆరే కదా?" అని అడిగింది. ఆ ప్రశ్న కోసం నేను ఎన్నేళ్లు నల్లబల్ల మీద బొమ్మలు గీశానో! అది కీటకం కాదనీ, సాలీడుకు చుట్టమనీ, పెద్దదయ్యాక చెదల్లాంటివి తింటుందనీ, పిల్లగా ఉన్నప్పుడు మిడతల లాంటి వాటి ఒంటికి అంటుకుని బతుకుతుందనీ అక్కడే నిలబడి చెప్పాను. పిల్ల పురుగుకు ఆరే కాళ్లుంటాయన్న మాట వాళ్లకు ఇంకా నచ్చింది.

ఆ రోజు కార్తె గడిలో "ఆరుద్ర" అని రాశారు. పేరులోనే తేదీ ఉన్న పురుగు అది. "ఆరుద్రలో అడ్డెడు చల్లితే పుట్టెడు పండుతాయి" అని మర్నాడు నలుగురు ఇళ్ల నుంచి అడిగి రాసుకొచ్చారు. అడ్డెడు అంటే ఎంత, పుట్టెడు అంటే ఎంత అని లెక్కల సార్ దగ్గరికి పోయారు. ఇది నేను చెప్పి చేయించింది కాదు.

తెల్లకాగితం ఇచ్చిన అబ్బాయి వంతు జులైలో వచ్చింది. గడ్డి మొలిచిన ఒడ్డు దగ్గర నీళ్ల మీద ఎర్రగా ఒక మరక కదులుతోంది. పిల్లలు దాన్ని నాచు అన్నారు. వాడు మాత్రం "గది కొర్రమట్ట పిల్లలు మేడం, కింద పెద్దది ఉంటది, సూడుండ్రి" అన్నాడు. చూస్తూ నిలబడ్డాం. వందలాది పిల్లలు ముద్దగా పైకొస్తున్నాయి, మళ్లీ కిందికి పోతున్నాయి. కాసేపటికి వాటి కింద నల్లటి తల ఒకటి పైకొచ్చి, గుటుక్కున గాలి మింగి మునిగింది. "గాలి మింగకపోతే సస్తది. అందుకే బురదల గూడ బతుకుతది. పిల్లలున్నప్పుడు మా బాపు దాన్ని పట్టడు" అన్నాడు. శ్వాసక్రియ పాఠంలో మొప్పలు, ఊపిరితిత్తులు, చర్మం అని మూడు ప్రశ్నలకు మూడూ తప్పు రాసినవాడు వీడే. మన రాష్ట్ర చేప కొర్రమీను అని జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో బట్టీ పట్టిన పిల్లలు, వాళ్లింట్లో కొర్రమట్ట అనేది దాన్నేనని అప్పుడు గ్రహించారు.

ఇక్కడే నా తప్పు గురించి చెప్పాలి. ఆ అబ్బాయిని మెచ్చుకుంటూ తరగతిలో నిలబెట్టి, నోటుబుక్కు చివరి గడి చదివి వినిపించాను. ఎవరు చెప్పారు: నాన్న, చేపలు పడతాడు. రెండు వరసల అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. మర్నాడు ఒక అమ్మాయి వచ్చి "నా గడి ఖాళీగ ఉంచుత మేడం" అంది. వాళ్లమ్మ రేవులో బట్టలు ఉతుకుతుంది. చెరువు గురించి ఆ ఊళ్లో అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరో లెక్క తీస్తే, ఊరు తక్కువగా చూసే ఇళ్లే ఎక్కువగా వస్తాయి. పేరు ఎవరు చెప్పారో రాయించడమంటే కులం రాయించడమే అవుతుందని నాకు తట్టలేదు. ఆ గడిలో వృత్తి మాట తీసేశాం. అవ్వ, నాన్న, చిన్నమ్మ అని చుట్టరికం మాత్రమే. ఆ అమ్మాయి మూడు వారాల తర్వాత తనంతట తాను రాసింది, నీళ్ల రంగు మారితే ఏ రేవులో బట్టలు తెల్లబడవో. కిసుక్కుమన్న నవ్వు తరగతిలోంచి పూర్తిగా పోయిందని మాత్రం నేను చెప్పలేను.

ఆగస్టు చివరికి విసుగు పుట్టింది. అదీ సహజమే. ఒక బృందం బడి వెనక కూర్చునే మెట్ల లెక్క రాసేసింది. ముందు వారం తొమ్మిది, ఈ వారం పది అని. మధ్యలో నాలుగు రోజులు వాన. నీళ్లు పెరగాల్సింది పోయి మెట్టు ఎట్లా బయటపడిందని తర్వాతి బృందం పట్టుకుంది. నేను ఒక్క మాటా అనలేదు. ఆ రాతను కొట్టేయకుండా పక్కన "చూడకుండా రాసినది" అని వాళ్లతోనే రాయించారు పిల్లలు. నా ఇరవై ఏళ్ల సర్వీసులో ప్రయోగ పరిశీలన గురించి నేను చెప్పిన ఏ పాఠమూ అంత గట్టిగా నాటుకోలేదు.

మత్తడి దుంకిన రోజు మెట్ల గడిలో "రెండు" అని ఎర్ర ఇంకుతో రాశారు. దూరం నుంచి మాత్రమే చూశాం, ఊరంతా అక్కడే ఉంది.

ఆ తర్వాత బతుకమ్మ వచ్చింది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, బడికి సెలవులు. ఈసారి అందరికీ ఒకే పని ఇచ్చాను: మీ ఇంటి బతుకమ్మలో ఏయే పూలున్నాయి, ఒక్కోటీ ఎక్కణ్నుంచి తెచ్చారు, కోసినవా కొన్నవా. సెలవుల తర్వాత కాగితాలు ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి బయటపడింది. తంగేడు కోసుకొచ్చారు, గుట్ట వైపు ఇంకా ఉంది. బంతి పెరట్లోది. గునుగు మాత్రం చాలా ఇళ్లలో జనగామ అంగట్లో కొన్నది. చేన్లల్లో దానంతట అది మొలిచే పువ్వును డబ్బులిచ్చి కొనడమేంటని పిల్లలే అడిగారు. జవాబు ఒకమ్మాయి వాళ్ల నానమ్మ దగ్గర దొరికింది: "పత్తి సేన్ల గడ్డిమందు కొట్టవడితిమి బిడ్డా, గునుగేడ మొలుస్తది?"

నేను ఆవరణ వ్యవస్థ అంటూ ఉపన్యాసం మొదలుపెట్టబోయి ఆగాను. కూలీలు దొరకని కాలంలో గడ్డిమందు కొట్టొద్దని ఏ మొహం పెట్టుకుని ఆ ఇళ్లకు చెప్పను? పిల్లలు వేరే దారి చూశారు. గునుగు గింజలు తెచ్చి బడి ప్రహరీ వెంట చల్లారు. మరుసటి ఏడు అది మొలిచింది, అక్కడికి అంతే. నేను నాటించిన కోనోకార్పస్ కంటే నయం.

ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షులను లెక్కపెడతారు. కనీసం పావుగంట చూసి, కనిపించినవి రాసి, పక్షుల లెక్కలు చేర్చే యాప్ ఈబర్డ్‌లో ఎక్కించాలి. మేమూ చేశాం. నీటికాకి, గుడ్డికొంగ, లకుముకి, నారాయణ పక్షి పేర్లు ఊళ్లోనే దొరికాయి. తోకను కిందికీ పైకీ ఊపుతూ ఒడ్డున గునగునా నడిచే తెల్లని పిట్టకు మాత్రం ఎవరి దగ్గరా పేరు లేదు. పిల్లలే "తోకాడిచ్చే పిట్ట" అని పెట్టారు. యాప్‌లో ఇంగ్లిష్ పేరు, నోటుబుక్కులో ఈ పేరు. అది చలికాలానికి మాత్రమే వచ్చిపోయే పిట్ట అని చెప్పాక, మార్చి నెలంతా "పోయిందా, ఉందా" అని చూడటం వాళ్లకో పనైపోయింది.

ఎండలు ముదిరి మెట్లన్నీ తేలాక, శిఖం, అంటే చెరువు నిండితే మునిగే నేల, ఎండిన చోట తీతువు గుడ్లు కనిపించాయి. గూడు లేదు, గడ్డిపోచ లేదు. గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి పెట్టి. రాళ్ల రంగే, రాళ్ల మచ్చలే. ఒక పిల్లాడు అడుగు దూరంలో నిలబడి కూడా చూడలేకపోయాడు. పైన రెండు పిట్టలు గొంతు చించుకుని అరుస్తూ తలల మీదికి దూకుతున్నాయి. ఇద్దరమ్మాయిలు వెనక్కి తగ్గి వెళ్లిపోదామన్నారు. ఇంట్లో అవ్వ చెప్పింది, తీతువ కూస్తే ఎవరికో మూడినట్టేనట.

అది మూఢనమ్మకం అని కొట్టిపారేయడం టీచరుకు చాలా తేలిక. కొన్నేళ్ల ముందైతే నేనూ అదే చేసేదాన్ని. "ఎప్పుడు అరుస్తుందో రాద్దాం" అన్నాను. దూరంగా తుమ్మచెట్టు నీడకు పోయి కూర్చున్నాం. మేం వెళ్లగానే అరుపు ఆగింది. కుక్క వస్తే అరిచింది. గేదె వస్తే ఇంకా గట్టిగా అరిచింది. ఎవరూ లేనప్పుడు ఒకటి గుడ్ల మీద కూర్చుంది, రెండోది నీళ్ల దాకా పోయి పొట్ట తడుపుకుని వచ్చి దాని చోట కూర్చుంది. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా అలా తడి చేస్తుందని చెప్పాను. ఆ పిట్ట రాత్రిళ్లు కూడా మెలకువగా ఉంటుంది, ఎవరు నడిచినా అరుస్తుంది. అర్ధరాత్రి ఊళ్లో మనుషులు తిరిగేది ఎప్పుడు? ఎవరికో బాగాలేనప్పుడే కదా. ఈ మాట అన్నది నేను కాదు, వెనక్కి తగ్గిన ఇద్దరమ్మాయిల్లో ఒకరు. ఇంటికెళ్లి అవ్వతో చెబితే అవ్వ ఒప్పుకోలేదట.

వెనక్కి తగ్గాను అన్నది మ్యాపు విషయంలో. చెరువు నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో, ఎండితే ఎంతవరకు పోతాయో పిల్లలు ఏడాది పొడవునా చూసినదాన్ని ఒక చార్టు మీద గీశారు. చక్కగా గీశారు కూడా. నీళ్ల గీత లోపల ఎవరెవరి పొలాలున్నాయో కూడా పేర్లతో రాశారు, పిల్లలు కాబట్టి. రెండో రోజు ఒకాయన బడికొచ్చాడు. హెడ్మాస్టరు గది తలుపు వేసి మాట్లాడారు. చార్టు గోడ మీంచి తీసేశాను. తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. పదమూడేళ్ల పిల్లలను ముందు పెట్టి శిఖం భూముల తగాదాలోకి దిగడం మాత్రం నాకు చేతకాలేదు. నోటుబుక్కులోని చేపల, పిట్టల, పురుగుల పేర్ల జాబితా మాత్రం ఒక కాపీ పంచాయతీకి ఇచ్చాం. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి ఊళ్లో ఉండాల్సిన జీవవైవిధ్య రిజిస్టరుకు పనికొస్తుందని.

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒక్కటే, "పదో తరగతిల దీనికి మార్కులు వస్తయా?" ఫార్మేటివ్ అసెస్‌మెంటులో ప్రాజెక్టు పనికి ఐదు మార్కులు ఎలాగూ ఉన్నాయి, నెట్ సెంటరు ప్రింటు బదులు నోటుబుక్కుకే ఇచ్చాను. మెట్ల లెక్కతో లెక్కల సార్ గ్రాఫులు గీయించారు. అంతకంటే పెద్ద హామీ ఎవరికీ ఇవ్వలేదు. వారానికి ఒక పీరియడు పోయింది నిజమే. సిలబస్ రెండు పాఠాలు వెనకబడ్డాను, జనవరిలో ఉదయం క్లాసులు పెట్టి పూర్తిచేశాను. మళ్లీ చేస్తే ముప్పై ఒక్క మందినీ ఆరుగురు చొప్పున తిప్పను. ఐదారు వారాలకు ఒకసారి వంతు వస్తే ముందు చూసింది మర్చిపోతున్నారు. రెండు చిన్న చోట్లు పెట్టుకుంటాను, బడి వెనక రావిచెట్టు ఒకటి, చెరువు ఒకటి.

మార్చిలో అదే స్లిప్ టెస్టు ప్రశ్న మళ్లీ ఇచ్చాను, ముందు చెప్పకుండా. ఐదారుగురు మళ్లీ నాచు, చిన్న చేప, పెద్ద చేప, గద్ద అనే రాశారు. మిగతా కాగితాలు దిద్దడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. పరకలు, జెల్లలు, నత్తలు, బుడబుంగ, నీటికాకి. ఒకరి గొలుసు చివర నీరటి తాత ఉన్నాడు. మరొకరు గొలుసు కాదు, అటూ ఇటూ గీతలున్న వల గీశారు. కొన్ని బాణాలు తలకిందులుగా ఉన్నాయి. వాటికి మార్కులు తగ్గించాను. తెల్లకాగితం అబ్బాయి ఒకటిన్నర పేజీ రాశాడు, అక్షర దోషాలతో సహా.

ఈ జూన్‌లో నోటుబుక్కు కొత్త ఎనిమిదో తరగతికి ఇచ్చాను. మొదటి శుక్రవారం పదహారు మెట్లు బయట, మృగశిర. చూసినది: ఒడ్డున రంధ్రాల్లో ఎండ్రకాయలు. ఎవరు చెప్పారు అన్న గడిలో తొమ్మిదో తరగతి అన్న అని రాసి, పక్కన వాడి పేరు రాశారు.